వీడ్కోలు గొడుగుల లెక్క

ఆ రోజు ఉదయం ఆయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సు పట్టుకోవాలి. తొమ్మిదింటికి ఆఫీసులో కూర్చోవాలి. పదకొండు లోపల ఒక అంకె తేల్చి పెద్దాయన చేతిలో పెట్టాలి. మిగిలిన రోజంతా ఎవరి కంటా పడకుండా గడపాలి. కొత్తగా చేరిన మనిషికి ఇంతకన్నా మంచి ప్రణాళిక ఉండదని ఆయన నమ్మకం.

ఆయన ఒక గొడుగుల కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు. చేరి మూడు వారాలైంది. అంతకుముందు పనిచేసిన రెండు కంపెనీలూ ఆయన చేరిన ఏడాదికే మూతపడ్డాయి. అందులో ఆయన తప్పు ఆవగింజంత కూడా లేదు. అయినా బావమరిది ఆయనకు "తాళం బావ" అని పేరు పెట్టాడు. పెట్టినవాడు మరిచిపోయినా చుట్టాలు మరవలేదు. యాభై ఒక్క ఏళ్ళ వయసులో ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని, బస్సెక్కే జనాన్ని కిటికీలోంచి చూసి చూసి, చివరికి ఈ ఉద్యోగం సంపాదించుకున్నాడు. మూడోది కూడా మూతపడితే ఏమిటన్న ప్రశ్న భార్య ఎప్పుడూ పైకి అనలేదు. ఆయన చొక్కాలు మాత్రం రోజూ రెండుసార్లు ఇస్త్రీ చేస్తోంది.

"అట్రిషన్ రేటట. ఏడాదిలో నూటికి ఎంతమంది ఉద్యోగం వదిలి వెళ్ళారో తేల్చాలి. ఎలా చెయ్యాలో ఇంకొక్కసారి చెప్పు," అన్నాడు, టీ గ్లాసు పట్టుకుని.

ఆవిడ స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చేసింది. ఆ చదువును ఇరవై ఆరేళ్ళుగా పాలవాడి మీదా, గ్యాసు బండ మీదా ప్రయోగిస్తోంది.

"ఏడాది మొదట్లో ఎంతమంది ఉన్నారు, చివర్లో ఎంతమంది ఉన్నారు, రెండూ కలిపి సగం చెయ్యండి. వెళ్ళిపోయినవాళ్ళను దాంతో భాగించి నూరుతో గుణించండి. అంతే."

"ఇంతేనా? దీనికా రాత్రంతా నిద్ర పట్టలేదు!"

"లెక్క వరకూ ఇంతే. వెళ్ళింది ఎవరు, ఎందుకు వెళ్ళారు అని చూడ్డం అసలు పని. అంకె వచ్చిందిగదా అని లేచి చక్కాపోకండి."

అప్పటికే ఆయన ఒక కాలు చెప్పులో, ఒక కాలు గుమ్మం బయట పెట్టి ఉన్నాడు. ముందు రోజు పెద్దాయన చెప్పిన మాటల్లో చివరి వాక్యాన్ని మాత్రం ఆయన ఇంట్లో చెప్పలేదు.

పెద్దాయన అంటే కంపెనీ యజమాని. డెబ్భై మూడేళ్ళ మనిషి. గొంతు పెద్దది, మనసు చిన్నపిల్లలది, మోకాళ్ళు మాత్రం వయసుకు తగినవి. ముందు రోజు సాయంత్రం ఆఫీసరును మేడమీది గదికి పిలిపించి ఇలా చెప్పారు: "మా అమ్మాయి రేపు నాలుగింటికి వస్తోందయ్యా. పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం దానిది. ఇది తీసుకోవే తల్లీ అంటే, ముందు మీ అట్రిషన్ రేటెంతో చెప్పండి నాన్నా, మనుషులు నిలవని చోటికి నేను రాను అంటుంది. అంకె చూపించాలి. అది రానంటే నాకిక ఓపిక లేదు. ఈ ఏడాదితో మూసేస్తాను."

ఇంట్లో చెప్పని వాక్యం అదే.

తొమ్మిదింటికి ఆఫీసరు బీరువా తెరిచాడు. హాజరు పుస్తకాలు నెలకొకటి చొప్పున పన్నెండు ఉన్నాయి. ఒక్కోటి ఇటుకంత మందం. ఆయనకు ముందు ఆ కుర్చీలో కూర్చుని రిటైరైన ముసలాయన చేతిరాత, బెల్లం చుట్టూ చేరిన చీమల్లా ఉంది. పెద్దాయన పేరుతో కలిపి ఏడాది మొదట ముప్పై ఎనిమిది మంది, చివర ముప్పై ఎనిమిది మంది. సగటు కూడా ముప్పై ఎనిమిదే. అంతవరకు కష్టపడి తేల్చాడు. మధ్యలో ఎవరు ఎప్పుడు వెళ్ళారో తేల్చాలంటే పేరు పేరునా పన్నెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పదకొండు లోపల అయ్యే పని కాదు.

అప్పుడే ఆయన కళ్ళు గోడమీది పటం మీద పడ్డాయి. అద్దం వెనక పెద్దాయన స్వహస్తాలతో రాసిన నియమం: 'ఉద్యోగం వదిలి వెళ్ళే ప్రతి ఒక్కరికీ కంపెనీ గొడుగు ఒకటి ఉచితంగా ఇవ్వవలెను. వీడ్కోలుకు తప్ప మరి దేనికీ ఉచిత గొడుగు స్టోరు దాటరాదు.'

వెళ్ళే ప్రతి మనిషికీ ఒక గొడుగు. అంటే ఉచిత గొడుగులు ఎన్ని వెళ్ళాయో లెక్కపెడితే మనుషులు ఎంతమంది వెళ్ళారో తెలిసిపోతుంది! తన తెలివికి తనే మురిసిపోతూ స్టోరుకు పరుగెత్తాడు. స్టోర్‌కీపరు గుడ్డ తానులు దింపించడానికి గేటు దగ్గరికి వెళ్ళి ఉన్నాడు. బల్లమీద ఉచిత గొడుగుల పుస్తకం తెరిచే ఉంది. అందులో తేదీ, టోకెన్ నంబరు, కారణం అని మూడు గదులు. కారణం గదిలో పై నుంచి కింది దాకా ఒకటే మాట: వీడ్కోలు, వీడ్కోలు, వీడ్కోలు.

ఆఫీసరు వేలు పెట్టి లెక్కపెట్టాడు. నలభై ఆరు.

మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఆరే. పదిహేడో నంబరు మూడుసార్లు ఉంది. ఒకరు వెళ్తే ఆ టోకెను కొత్తవాళ్ళకిచ్చారన్నమాట. వాళ్ళూ వెళ్ళారన్నమాట. ఆ తరవాతివాళ్ళూ వెళ్ళారు. ఆ నంబరులోనే ఏదో దోషం ఉన్నట్టుంది పాపం అనుకున్నాడు. సూత్రంలో వేశాడు. నలభై ఆరును ముప్పై ఎనిమిదితో భాగించి, నూరుతో గుణించి, జవాబు చూసి నీళ్ళు తాగి, మళ్ళీ భాగించాడు.

పదిన్నరకు మేడమీద గదిలో నిలబడి చదివాడు. "నూట ఇరవై ఒకటి పాయింటు సున్నా ఐదండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "నూటికా?"

"నూటికేనండి."

"నూరుమందిలో నూట ఇరవై ఒక్కమంది పోతున్నారా?"

"సూత్రం ప్రకారం అంతేనండి. కావాలంటే ఆ సున్నా ఐదు వదిలెయ్యొచ్చు."

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి కింద షెడ్డులోకి చూశారు. "నేను షెడ్డులో అడుగుపెట్టి రెండేళ్ళయిందయ్యా. మోకాళ్ళు సహకరించవు. కారు దిగి వెనక మెట్లెక్కి ఇక్కడికి చేరడమే గగనం. ఇక్కడినుంచి చూస్తే అందరి తలలూ ఒకేలా ఉంటాయి. అవే తలలనుకున్నాను." కర్ర కోసం చుట్టూ చూశారు. "అమ్మాయికి ఏం చూపించను? పోనీ ఉన్నవాళ్ళనైనా పట్టుకుని ఆపుదాం. నాలుగింటి దాకా టైముంది. పద, కర్ర ఇటియ్యి."

పెద్దాయన షెడ్డులోకి మెట్లు దిగుతుంటే కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెండేళ్ళుగా మేడమీదినుంచి గొంతు ఒక్కటే కిందికి వచ్చేది. మనిషి రావడం ఇదే మొదలు. కింద ఆయనకు కనిపించినవన్నీ పాత మొహాలే. అక్కడ ఒక్క క్షణం అనుమానపడి ఉంటే కథ అక్కడితో ఆగేది. ఆయన మాత్రం, కొత్తవాళ్ళందరూ తను చూడకముందే వచ్చినట్టే వచ్చి పోయారనీ, ఈ మిగిలినవాళ్ళు కూడా ఇవాళో రేపో అనీ అనుకున్నారు.

మొదట కటింగు మాస్టరు బల్ల దగ్గర ఆగారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా గొడుగు గుడ్డను ముక్కోణాలుగా కోస్తున్న మనిషి అతను. కత్తెర కన్నా నోరు పదునని పేరు.

"మాస్టరూ, మోకాళ్ళెలా ఉన్నాయి?"

మాస్టరు తన మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "ఉన్నాయండి."

"ఇంకెక్కడైనా పని చూసుకున్నావా? చూసుకుంటే దాచకు. నేనేమీ అనుకోను."

మాస్టరు చేతిలో కత్తెర సగం గుడ్డలో ఆగిపోయింది.

తరవాత మిషనక్క. కుట్టు విభాగానికి పెద్ద దిక్కు, అందరికీ అక్క. పంతొమ్మిదేళ్ళుగా మేడమీదినుంచి "వంకర! వంకర!" అన్న మాట తప్ప వేరే మాట వినని మనిషి. పెద్దాయన ఆవిడ కుట్టిన గొడుగును వెలుతురుకు ఎత్తి చూసి, "నీలాంటి కుట్టు ఈ కంపెనీ మళ్ళీ చూడదమ్మా," అన్నారు.

మిషనక్క మిషను మీద గుడ్డ కప్పేసింది.

పెద్దాయన ఒక్కొక్కరినీ పలకరించారు. పిల్లల చదువులు అడిగారు. అందరికీ కుర్చీల మీదికి మెత్తలు తెప్పించమన్నారు. పదకొండింటికి రెండోసారి టీ, దానితో బిస్కెట్లు వచ్చాయి. కంపెనీ పుట్టిన తరవాత పదకొండింటికి టీ రావడం అదే మొదలు.

"ఉరి తీసేముందు కూడా ఇలాగే, ఏం కావాలో అడిగి పెడతారట," అన్నాడు మాస్టరు, బిస్కెట్టు టీలో ముంచుతూ.

"ఆ నోటికి తాళం వెయ్యవయ్యా కాస్త," అంది మిషనక్క. కానీ ఆవిడ బిస్కెట్టు తినలేదు.

"నువ్వు చెప్పక్కా, నిన్నెప్పుడైనా 'అమ్మా' అని పిలిచారా?"

"లేదు."

"నన్నెప్పుడైనా మోకాళ్ళ గురించి అడిగారా? ఇంకోచోట పని చూసుకోమన్నారక్కా, మర్యాదగా. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నాతో మర్యాదగా మాట్లాడ్డం ఇదే. నాకు భయమేస్తోంది."

గేటు దగ్గర కాపలా అతను, పెద్దాయన కూతురు నాలుగింటికి వస్తోందన్న కబురు మోసుకొచ్చాడు. రెండూ రెండూ కలిపితే నాలుగే కదా. కంపెనీ చేతులు మారుతోంది, సగంమందిని తీసేస్తారు, పొమ్మని నోటితో అనలేక పెద్దాయన లోపల్లోపల నలిగిపోతున్నారు. భోజనాల వేళకు షెడ్డు షెడ్డంతా ఈ సంగతి ఖాయం చేసుకుంది. ఎవరూ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. ఒక్కొక్కరే లేచి ఒక్కో మూలకు వెళ్ళారు. ఆ మధ్యాహ్నం కంపెనీలో తెల్లకాగితాలకు కరువొచ్చింది.

మేడమెట్ల కింది గదిలో ఆఫీసరు ఇంటికి ఫోను చేశాడు.

"ఎంత వచ్చిందండీ?" అంది భార్య.

"నూట ఇరవై ఒకటి."

అవతల స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది. "ఉన్నవాళ్ళకన్నా ఎక్కువమంది వెళ్ళారా?"

"వెళ్ళకూడదా?"

"వెళ్ళొచ్చు. వెళ్ళినవాళ్ళ చోటికి కొత్తవాళ్ళొచ్చి, వాళ్ళూ వెళ్ళిపోతే వందకన్నా ఎక్కువ రావచ్చు. ఏడాదిలో కొత్తగా ఎంతమంది చేరారు?"

ఆఫీసరు ఆలోచించాడు. బీరువాలో కొత్తవాళ్ళ అర్జీల ఫైలు ఆయన చేరిన రోజే చూశాడు. అందులో ఒక్క అర్జీయే ఉంది. "నేనొక్కణ్ణే," అన్నాడు.

"మరి రానివాళ్ళు ఎలా వెళ్ళారండీ?"

ఆఫీసరు ఫోను తీగను వేలికి చుట్టుకున్నాడు.

"ఏ పుస్తకం చూసి లెక్కపెట్టారు?"

చెప్పాడు. "గొడుగులు లెక్కపెట్టారా," అంది ఆవిడ. "సరే. వెళ్ళి ఆ పుస్తకం రాసినాయన్ని అడగండి. ఏమండీ, ఒక సంగతి చెప్పండి. ఏదో దాస్తున్నారు. ఈ గొంతు నాకు తెలుసు. ఇంతకుముందు రెండుసార్లు విన్నాను."

ఆయన దాచిన ఆ ఒక్క వాక్యం అప్పుడు చెప్పాడు.

"నేను వస్తున్నాను," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

స్టోర్‌కీపరు పల్చని మనిషి, మెత్తని మాట. ఆఫీసరు పుస్తకం ముందుకు తోసి, "ఈ నలభై ఆరుమంది ఎక్కడండీ?" అని అడగగానే అతను స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికీ పోలేదండి. ఇక్కడే ఉన్నారు."

"వీడ్కోలు అని రాశారు కదా!"

"వాన పడుతుందండి," అన్నాడు స్టోర్‌కీపరు. అదే మొత్తం జవాబన్నట్టు కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. "పొద్దస్తమానం గొడుగులు చేసినవాళ్ళు సాయంత్రం తలమీద సంచి పెట్టుకుని తడుస్తూ పోతుంటే చూళ్ళేకపోయానండి. ఊరికే ఇద్దామంటే పెద్దాయన నియమం ఒకటుంది. వీడ్కోలుకు తప్ప ఇవ్వకూడదు. అబద్ధం రాయకూడదు కదండి. అందుకని ఇచ్చేటప్పుడు ప్రతివాళ్ళకీ, వెళ్ళిరండి అని చెప్పి మరీ ఇచ్చాను. సాయంత్రానికి అది కూడా వీడ్కోలే కదా అని..."

"పదిహేడో నంబరుకు మూడుసార్లు వీడ్కోలు చెప్పారే?"

"ఆయన కటింగు మాస్టరండి. గొడుగులు బస్సులో మరిచిపోతాడు."

"ఒకటో నంబరు? అది కూడా రెండుసార్లుంది."

స్టోర్‌కీపరు తల వంచుకున్నాడు. "అది పెద్దాయనదండి. బాబ్బాబు, ఆయనకు చెప్పకండి. నా ఉద్యోగం పోతుంది."

ఆఫీసరు మూడేసి మెట్లు ఒక్కసారిగా ఎక్కి మేడమీదికి వెళ్ళాడు. "సార్, లెక్క తప్పండి! ఎవరూ పోలేదు, ఎవరూ పోవడం లేదు!"

పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. చేతిలో ఒక కాగితం ఉంది. మామూలు కాగితం కాదు. గొడుగు గుడ్డ కోయడానికి వాడే ముక్కోణపు అట్ట నమూనా. దాని వెనక ముత్యాల్లాంటి అక్షరాలు.

"తప్పంటావేమయ్యా! ఇదిగో, మాస్టరు రాజీనామా. ముప్పై ఒక్క ఏళ్ళవాడే పోతున్నాడంటే ఇంకెవరుంటారు? పొద్దున నువ్వు అంకె చెప్పావు, మధ్యాహ్నానికి నిజమైంది. నీ లెక్క గొప్పది." ఆ పొగడ్త వింటూ ఆఫీసరు నిలబడి ఉండగానే తలుపు కింది సందులోంచి ఇంకో ముక్కోణం లోపలికి జారింది. దాని వెనకే మరొకటి. "నేనే చేసుకున్నాను," అన్నారు పెద్దాయన, తలుపు వంక చూస్తూ. "పొద్దున్నించీ అంత బతిమాలాను. మంచిగా మాట్లాడ్డం ఇంత ఆలస్యంగా మొదలుపెడితే ఎవరు నమ్ముతారు?"

గొడుగుల సంగతి చెబితే స్టోర్‌కీపరు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కంపెనీ పోతుంది. ఆఫీసరు కిందికి వెళ్ళి తను కూడా ఒక కాగితం వెతుక్కున్నాడు. తెల్లవి లేవు. ముక్కోణాలు కూడా అయిపోయాయి. హాజరు పుస్తకంలో చివరి ఖాళీ పేజీ చింపి, 'తప్పు లెక్క నాది. చివర చేరినవాణ్ణి నేను. నన్ను ఒక్కణ్ణీ పంపి మిగిలిన అందరినీ ఉంచవలసిందిగా ప్రార్థన' అని రాసి సంతకం పెట్టాడు.

భార్య రెండున్నరకు వచ్చింది. ఆ పేజీ చదివి, మడిచి, ఆయనకే తిరిగి ఇచ్చింది. "పుస్తకాలు ఎక్కడున్నాయి? పెన్సిలు ఇవ్వండి. రబ్బరు కూడా," అంది. పన్నెండు హాజరు పుస్తకాలు నేలమీద వరసగా పరిచి, కొంగు నడుముకు దోపుకుని, మొదటి పేరు నుంచి మొదలుపెట్టింది.

పెద్దాయన కూతురు నాలుగింటికి అని చెప్పి మూడున్నరకే వచ్చింది. లెక్క అడిగితే, అవతలివాళ్ళు సర్దుకోకముందే వెళ్ళి వాలడం ఆమెకు తన ఉద్యోగంలో అలవాటు. మెట్ల కింది గదిలో నేలమీద పుస్తకాల మధ్య ఒకావిడ కూర్చుని ఉండడం చూసి ఆగింది.

"మీరేనా పర్సనెల్ ఆఫీసరు?"

"కాదమ్మా. ఆఫీసరు మా ఆయన. నేను ఇంట్లో ఉంటాను."

"మరి లెక్క మీరు చేస్తున్నారే?"

"తప్పు మా ఇంట్లోంచే బయల్దేరింది. సగం పాఠం చెప్పి బస్సెక్కించాను." ఆవిడ కళ్ళెత్తకుండానే ఒక పేరు పక్కన గీత పెట్టింది. "అయిపోయిందమ్మా. ఏడాదిలో వెళ్ళింది ఒక్కరు. మా ఆయనకు ముందు ఉన్నాయన, రిటైరయ్యారు. ముప్పై ఎనిమిదికి ఒకటి. రెండు పాయింటు ఆరు మూడు శాతం."

కూతురు వంగి ఆ కాగితం తీసుకుంది. చదివి, చెప్పులు విప్పి, ఆవిడ పక్కనే నేలమీద కూర్చుంది. "అక్కా, ఈ పక్క వరసలో ఏమిటివి?"

"వయసులు. అంకె మంచిదేనా కాదా అని చూడాలిగా. సగటు నలభై తొమ్మిది. పేర్ల పక్కన చేరిన తేదీలు చూస్తే, ఆరేళ్ళుగా మా ఆయన తప్ప కొత్తగా ఎవరూ చేరలేదు. మా ఆయన కూడా ఏం కుర్రాడు కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఫీసరు గుమ్మంలో నిలబడి, మొదట గొడుగుల సంగతి, తరవాత ముక్కోణాల సంగతి, వరస తప్పకుండా మొత్తం చెప్పేశాడు. స్టోర్‌కీపరు పేరు వచ్చేసరికి మాత్రం, "ఎవరో" అన్నాడు.

"ఎవరో కాదండి, నేనే," అన్న మాట వెనకనుంచి వినిపించింది. స్టోర్‌కీపరు పుస్తకం గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. "నా మూలాన ఇంతమందికి అన్యాయం జరక్కూడదండి. నా ముక్కోణం కూడా పైకి పంపేశాను."

అందరూ మేడమీదికి వెళ్ళారు. బల్లమీద ముక్కోణాల గుట్ట. దాని వెనక పెద్దాయన, కూతుర్ని చూసి లేవబోయి లేవలేకపోయారు. "రామ్మా. చూడు. నీకు చూపించడానికి ఏమీ మిగల్లేదు."

కూతురు ఉత్తరాలు లెక్కపెట్టింది. ముప్పై ఆరు ముక్కోణాలు, ఆఫీసరు జేబులోంచి తీసి పెట్టిన పేజీ ఒకటి. వాటిని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. పదో ఉత్తరం దగ్గర కిటికీ వైపు తిరిగింది. ఇరవయ్యో ఉత్తరం దగ్గర రుమాలు వెతుక్కుంది. చివరికి రెండు చేతిలో పట్టుకుని మెట్లమీదికి వచ్చి నిలబడింది. కింద అందరూ పని ఆపి తలలెత్తి ఉన్నారు.

"ఇది మాస్టరుగారిది," అని పైకి చదివింది. "'అయ్యా, నా మోకాళ్ళు పోయినవి. నన్ను తీసివేయగలరు. మిషను మీద ఉన్న అక్కను మాత్రం పంపరాదు. నోరు పెద్దదేగాని ఆమె కుట్టిన గొడుగులో చుక్క దిగదు.'"

మాస్టరు తన బల్ల కిందికి ఏదో వెతకడానికి వంగాడు.

"ఇది మిషనక్కది. 'కటింగు మాస్టరుకు ఇంకెక్కడా పని దొరకదు, ఆ నోటితో ఎవరూ భరించలేరు. కనుక అతన్ని ఉంచుకుని నన్ను పంపండి. కత్తెర మాత్రం అతని చేతిలో పూలదండ.'"

"నేను పూలదండ అనలేదు!" అంది మిషనక్క కిందినుంచి.

"రాశావుగా!" అన్నాడు మాస్టరు బల్ల కిందినుంచే.

"నోరు పెద్దదని నువ్వు రాయలేదూ?"

పంతొమ్మిదేళ్ళ పోట్లాట ఆగిన చోటినుంచి మళ్ళీ మొదలైంది. దానితో షెడ్డుకు ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన గదిలోంచి అంతా విన్నారు. ఉత్తరాలు దగ్గరికి లాక్కుని, ఇందాక మొదటి వాక్యంతో ఆపేసినవాటిని ఈసారి చివరి దాకా చదివారు. ఒక్కదాంట్లో కూడా రాసినవాళ్ళు తమ కోసం అడుక్కున్న మాట లేదు.

కూతురు వచ్చి గొడుగుల పుస్తకం ఆయన ముందు తెరిచింది. "నాన్నా, ఒకటో నంబరు ఎవరిది?"

"నాదే."

"అయితే మీరు జూన్‌లో ఒకసారి, ఆగస్టులో ఒకసారి ఉద్యోగం వదిలి వెళ్ళిపోయారు. ఎవరికీ చెప్పలేదే?"

పెద్దాయన పుస్తకంలోకి చూశారు. స్టోర్‌కీపరు వంక చూశారు. ఆ రెండు రోజులూ జోరున వాన కురవడం, కారు దాకా ఎవరో గొడుగు పట్టుకుని వెంట రావడం ఆయనకు మెల్లగా గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని, ఎప్పటిలా పెద్దగా అరిచారు: "ఈ పుస్తకంలో ఇంకో గది లేదుటయ్యా? అన్నీ వీడ్కోలే రాస్తావా అశుభంగా! కారణం దగ్గర వాన అని రాయి!"

"రాయొచ్చాండి?"

"వాన పడితే వాన అనే రాస్తారు!"

ఆ అరుపు విని కింద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెద్దాయన మామూలుగానే ఉన్నారు. ఎవరినీ తీసెయ్యడం లేదు.

"ఇక అసలు సంగతి," అంది కూతురు. పెద్దాయన మొహం మళ్ళీ వాడిపోయింది. "పొద్దున నూట ఇరవై ఒకటి. మధ్యాహ్నం దాదాపు వంద. ఇప్పుడు రెండున్నర. ఇది చాలా మంచి అంకె అనుకుంటున్నారు కదా మీరంతా?"

"కాదా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"ఇక్కడికి వచ్చినవాళ్ళు వెళ్ళరు. అది మంచిదే. కానీ కొత్తగా ఎవరూ రావడమూ లేదు. ఇంకో పదేళ్ళకు వీళ్ళందరూ ఇంచుమించు ఒకేసారి ముసలివాళ్ళవుతారు. మాస్టరు దగ్గర కత్తెర పట్టడం నేర్చుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఈ మాట నేను కనిపెట్టలేదు, ఇదిగో, ఆఫీసరుగారింటి అక్క వేసిన వయసుల లెక్కలో ఉంది."

ఆఫీసరు భార్య చీరమీది రబ్బరు పొడి దులుపుకుంది. భర్త ఆవిడ వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా పాలవాడు ఎందుకు అంత భయపడేవాడో ఆయనకు ఇప్పుడు అర్థమైంది.

"అయితే రావన్నమాట," అన్నారు పెద్దాయన చిన్నగా.

"మనుషులు నిలవని చోటికి రానన్నాను. ఇలాంటి ఉత్తరాలు రాసే మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు నాన్నా. వస్తాను. కొత్తవాళ్ళను చేర్చుకోవడంతో మొదలుపెడతాను. ఈ ముప్పై ఏడు రాజీనామాలూ చెల్లవు." ఆమె ఉత్తరాలన్నీ సర్ది, పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం తన సంచీలోంచి తీసి తండ్రి ముందుకు జరిపింది. "ఒకే ఒక్కరు రాయలేదు. ఆ రాజీనామా వస్తే ఒప్పుకుంటాను."

పెద్దాయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక చాలాసేపు ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నారు. కింద మిషన్లు మళ్ళీ తిరుగుతున్నాయి. ఆఫీసరు పెన్ను మూత తీసి అందించాడు. పెద్దాయన రెండు వాక్యాలు రాశారు. రెండోది, మాస్టరు మోకాళ్ళకు మంచి డాక్టరును చూపించాలని.

తరవాతి ఏడాది ఆఫీసరు అట్రిషన్ రేటు తనంతట తానే, హాజరు పుస్తకాలు చూసి కట్టాడు. భార్య సరిచూసి, దిద్దడానికేమీ లేదంది. కొత్తగా చేరినవాళ్ళు ఏడుగురు. ఉద్యోగం వదిలి వెళ్ళినవాళ్ళు ఒక్కరు. ఆ ఒక్కరూ వెళ్ళిన మర్నాడు పొద్దున అందరికన్నా ముందు వచ్చి, హాజరు పుస్తకంలో తన పేరేదని ఆఫీసరును కోప్పడ్డారు.